గంగాధరప్ప రేడియోలో గొంతులు సన్నబడినాయి

పాల డైరీకి పన్నెండేళ్లు అధ్యక్షుడిగా ఉన్నవాణ్ణి నేను. చాకవేలు పక్కన ఉండే మా పల్లెకు బాగేపల్లి నుంచి పొద్దున పూట బస్సు వేయించింది నేను. బడికి కాంపౌండు గోడ కట్టించి, దాని మీద నా పేరు వద్దన్నవాణ్ణి కూడా నేనే. అయినా రాసినారు, అది వేరే మాట. చదివింది ఊరి బడిలో ఏడో క్లాసు. ఇంత చేసిన రామచంద్రప్ప తన సంగతి రాసుకోకుండా బామ్మర్ది సంగతి రాస్తాడేంది అని అడగొచ్చు. రాయాల. మా గంగాధరప్పకు జరుగుతా ఉండింది ఏందో అందరికంటే ముందు కనుక్కోవాల్సినవాణ్ణి నేను. కనుక్కోలేదు. పైగా ఎదురు దారిలో తోసినాను.

గంగాధరప్ప నా ఇంటామెకు తమ్ముడు. నాకంటే ఆరేండ్లు చిన్న, ఇప్పుడు అరవై ఎనిమిది. రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, షెడ్డు వాసానికి వేలాడే ఒక రేడియో, ఇదీ అతని సంసారం. పాటలంటే పిచ్చి. పాటల పిచ్చి చానామందికి ఉంటాది గానీ ఇతనిది వేరే రకం. పాత పాట వస్తే లేచి పోతాడు.

"పాత పాట అంటే మనూరి బస్సు బావా. యాడ మలుపో యాడ గుంతో కండ్లు మూసుకున్నా తెలుస్తాది. కొత్త పాట అట్ల కాదు. యాడ దించుతాదో చూడాల" అంటాడు.

మేముండేది కర్ణాటక సరిహద్దులో, గడి ఊరు కాబట్టి రెండు రాష్ట్రాల స్టేషన్లూ అందుతాయి. ముల్లును వెంట్రుకవాసి తిప్పి తిప్పి, ఎవరూ వినని పూట వచ్చే కార్యక్రమాన్ని పట్టుకునేవాడు. పట్టుకున్నది పుస్తకంలో రాసేవాడు: తేదీ, స్టేషను, పాడినోళ్ల పేరు, పక్కన తన మాట ఒకటి. చదివింది కన్నడ బడి గనక తెలుగు పాటను కూడా కన్నడ అక్షరాల్లోనే రాస్తాడు. అట్ల పదిహేడు పుస్తకాలు ఉండాయి. ఒకసారి ఎవరో కొత్త పాప మొదటిసారి రేడియోలో పాడితే, టీ అంగడి దగ్గర అందరి ముందర "ఈ పాప పెద్దదైతాది, రాసి పెట్టుకోండప్పా" అన్నాడు. రెండేండ్లకు ఆ పాప పాట పెండ్లి పందిళ్లలో మోగింది. ఊళ్లో ఆ మాట నిజమైన రోజు, డైరీ అధ్యక్షుడికి కూడా వేయనంత గౌరవంగా అతనికి కుర్చీ వేసినారు.

అన్నిటికంటే అతనికి ప్రాణం, గురువారం పొద్దున ఏడున్నరకు గడి అవతల స్టేషన్ నుంచి వచ్చే 'కొత్త గొంతులు'. దాన్ని నడిపే అమ్మాయి అర్పిత. ఇతని ఉత్తరాలు చదివే ఆ పాప గొంతు ఇతనికి సొంత కూతురు గొంతంత చనువు.

రెండేండ్ల కిందట ఎండాకాలంలో ఒకరోజు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చొని చెప్పినాడు.

"బావా, ఆ స్టేషనోళ్లు వేణువు తగ్గించేసినారు."

"వేణువు తగ్గించేదేందప్పా, కూరలో ఉప్పా?"

"నగుతావేమిలే. నెల నుంచి చూస్తాండా. వేణువు లేదు. ఆడపిల్లలు పాడితే పైకి పోయేటప్పుడు గొంతు మాయమైపోతాది. టవరు పాడు చేస్తాండారు."

పాత టవర్లను ఒక్కొక్కటే ఆపేస్తా ఉండారని ఆ కాలంలో అందరూ అనుకుంటా ఉండిరి. నాకూ అదే అనిపించింది. ఉత్తరం రాసి పని సాధించడంలో ఈ తాలూకాలో నాకు సాటి లేరు, బస్సు వచ్చింది ఉత్తరంతోనే. కూర్చొని రాసినాను. నలభై మంది సంతకాలు పెట్టించినాను. అందులో ముప్పై అయిదు మంది రేడియో విని పదేండ్లయి ఉంటాది.

జవాబు వచ్చింది. మా ప్రసారంలో లోపం ఏమీ లేదు, దయచేసి మీ సెట్టు పరీక్ష చేయించుకోండి అని. నాకు కోపం వచ్చింది. ఇంకొకటి రాసినాను, ఈసారి గట్టిగా. గంగాధరప్ప నా చేయి పట్టుకొని, "నువ్వుండావు గనక బావా, లేకుంటే ఈ అన్యాయాన్ని ఎవరు అడుగుతారు" అన్నాడు. ఆ మాట నాకు ఎంత బాగుండిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉండాది.

సెట్టు తీసుకొని చింతామణికి పోయినాము. అక్కడ బైరప్ప అని రేడియోలు బాగుచేసే ముసలాయన ఉండాడు. విప్పినాడు, చూసినాడు, మళ్లీ బిగించి స్టేషన్ పెట్టినాడు. ఎవరో ఆడమనిషి పాడతా ఉండింది.

"బాగుండాది కదప్పా" అన్నాడు బైరప్ప.

"యాడ బాగుండాది? ఆయమ్మ దుప్పటి కప్పుకొని పాడినట్లుండాది."

బైరప్ప ఇతని మొగం కొంచేపు చూసినాడు. సెట్టును నా చేతికిచ్చి, "దీన్ని ఇంకెవరికీ చూపించొద్దండప్పా. చూపించాల్సింది వేరేది ఉండాది" అన్నాడు. నేను బేరం కోసం ఏదో అంటాండాడనుకొని, "నీకు రాకపోతే రాలేదని చెప్పప్పా" అని గద్దించి వచ్చేసినాను. దుడ్లు కూడా తీసుకోలేదు ఆ మనిషి.

ఆ తర్వాత ఒక్కొక్కటే. చింతామణిలోనే టీచరుగా ఉండే గంగాధరప్ప కూతురు వినుత, ఫోన్లో రేడియో వినే ఏర్పాటు చేసిచ్చింది. రెండు రోజులు విని, ఫోన్ల కంపెనీవాళ్లు కూడా గొంతుల్ని సన్నం చేస్తాండారు అన్నాడు. ఒక పొద్దున తోట గట్టు మీద నడుస్తా, "పిట్టలు చూడు బావా, ఒక్కటీ అరవదు. ద్రాక్ష తోటలకు మందులు కొట్టి కొట్టి అన్నిట్నీ చంపేసినారు" అన్నాడు. మా నెత్తిమీద కరెంటు తీగ పైన ఏదో పిట్ట ఒకటే గోల చేస్తా ఉండింది. నేను దాన్ని చూసినాను. చూసి, అవునప్పా మందులు ఎక్కువైనాయి అన్నాను. ఊరి సంగతి అంటాండాడులే అనుకున్నాను.

నిరుడు శ్రావణంలో 'కొత్త గొంతులు' వాళ్లు వినేవాళ్లతో ఫోన్లో మాట్లాడే ఏర్పాటు పెట్టినారు. గంగాధరప్పకు లైను దొరికింది. ఊరంతా టీ అంగడి దగ్గర చేరినాము.

"గంగాధరప్పగారూ, నమస్కారం! మీ ఉత్తరాలు లేకుండా మాకు వారం గడవదండీ. ఈ రోజు పాడిన అమ్మాయి ఎలా పాడింది?"

"ఆఁ? గట్టిగా మాట్లాడమ్మా."

"ఈ రోజు పాడిన అమ్మాయి అండీ!"

"అమ్మా, మీ లైను బాగలేదు. మీ టవరూ బాగలేదు. మా బావ రెండు ఉత్తరాలు రాసినాడు, ఆయన డైరీ అధ్యక్షుడు..."

అంగడి దగ్గర అందరూ నగినారు. నేనూ నగినాను. అర్పిత నగలేదు. "మీరు జాగ్రత్తగా ఉండండి గంగాధరప్పగారూ" అని చెప్పి లైను వదిలింది. ఆ పాప అట్ల ఎందుకన్నదో ఊళ్లో ఎవరూ ఆలోచించలేదు.

ఇక షెడ్డు సంగతి. పట్టుపురుగులు మేపేవాళ్లకు తెలుసు, తెలియనివాళ్ల కోసం చెప్తా. పురుగు ఆకు తినేటప్పుడు చప్పుడు వస్తాది. వేల పురుగులు ఒకేసారి తింటే షెడ్డు కప్పు మీద తుంపర పడినట్లుంటాది. నాలుగుసార్లు పురుగు తినడం ఆపి, తల ఎత్తి, కదలకుండా కూర్చొని పొర విడుస్తాది. దాన్ని మేము జ్వరం అంటాము. అన్నీ జ్వరానికి కూర్చున్నాక ఆకు ఆపి, పైన సున్నం పొడి చల్లి ఆరబెట్టాల. ముందే చల్లితే ఇంకా తినే పురుగులు పస్తు పడి పంట ఎగుడుదిగుడైపోతాది. గంగాధరప్ప లోపలికి పోయి చూసేవాడు కాదు. వాకిట్లో నిలబడి చెవి పెట్టి, "ఇంకా రెండు పూటలు తింటాయి" అంటే రెండు పూటలే. నలభై ఏండ్లు ఒక్కసారి తప్పలేదు. చుట్టుపక్కల వాళ్లు ఇతన్ని పిల్చుకొని పోయి తమ వాకిట్లో నిలబెట్టుకునేవాళ్లు.

పోయిన కార్తీకంలో అతని భార్య గిరిజమ్మ పుట్టింట్లో చావుకని జంగమకోటెకు పోయి రెండు రోజులు ఉండిపోయింది. నాలుగో జ్వరం ముందర. ఇతను వాకిట్లో నిలబడినాడు. విన్నాడు. చప్పుడు లేదు. ఆకు ఆపి, సున్నం చల్లినాడు.

మూడో రోజు పొద్దున గిరిజమ్మ కేకలు మా ఇంటిదాకా వినపడినాయి. పోయి చూస్తే ఆమె షెడ్డు మధ్యలో నిలబడి ఉండాది, కాళ్లకు సున్నం.

"ఎవరు చల్లమన్నారు? సగం పురుగులు తల కూడా ఎత్తలేదే! ఆకు కోసం పాకులాడతాండాయి చూడన్నా. నీకు వినపడలేదా మొగుడా?"

"చప్పుడు లేదు గిరిజా. ఒట్టు. నిలబడి విన్నాను."

"ఇప్పుడు విను మరి!" అని ఆమె చేతిలో ఉండే ఆకును పురుగులు పరిచిన బెడ్డు మీద వేసింది. కొంచేపటికి ఆకలిమీద ఉండే పురుగులన్నీ దాని మీద పడినాయి. తుంపర మొదలైంది. నాకు వినపడింది. గిరిజమ్మకు వినపడింది. గంగాధరప్ప చేయి చెవి వెనక పెట్టుకొని, మెడ ముందుకు చాచి, మా ఇద్దరి మొగాలు మార్చి మార్చి చూసినాడు.

"వస్తాందా?" అన్నాడు.

గిరిజమ్మ నా వైపు చూసింది.

"బావా, నిజం చెప్పు. వస్తాందా?"

"వస్తాంది" అన్నాను.

అతను వాసానికి వేలాడే రేడియోను చూసినాడు. రెండేండ్లుగా ఏమేమి జరిగిందో ఒక్కసారిగా తెలుస్తా ఉండేది ఆ మొగంలో చూసినాను. "అట్లయితే టవరు కాదు" అన్నాడు, అంతే.

చిక్కబళ్ళాపురానికి నేనే పిల్చుకొని పోయినాను. చెవి పరీక్ష అద్దాల గదిలో. చెవులకు ఏవో తగిలించి, చేతికి గుండీ ఇచ్చి, చప్పుడు వినపడితే నొక్కమన్నారు. నేను బయట నుంచి చూస్తా ఉండాను. పరీక్ష చేసే పాప ముల్లు తిప్పుతా ఉండాది, కాగితంలో రాసుకుంటా ఉండాది. గంగాధరప్ప గుండీ మీద వేలు పెట్టుకొని, కొత్త కార్యక్రమం మొదలయ్యే ముందర కూర్చున్నట్ల, సంతోషంగా కూర్చొని ఉండాడు. బయటికొచ్చినాక అడిగినాడు: "ఎప్పుడు మొదలుపెడతారమ్మా?"

డాక్టరు మంచివాడే. చెవి నరం ఎండిపోతా ఉంది, పోయింది తిరిగి రాదు, ఇంకా పోతుంది, మిషన్ పెట్టుకుంటే మాటలు వినపడతాయి అని చెప్పినాడు.

"పాటలు?" అని గంగాధరప్ప అడిగినాడు.

"తెలిసిన పాటలైతే మీ మనసే పూడ్చుకుంటుంది. ఫర్వాలేదు."

"తెలియనివి?"

డాక్టరు కాగితం తిరగేసినాడు. "చప్పుడులాగా ఉంటాయి" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు ఏదో పాత పాట పెట్టినాడు, మా పెండ్లిళ్ల కాలం నాటిది. కొత్తగా పెట్టిన మిషన్ సర్దుకుంటా గంగాధరప్ప విన్నాడు. "ఇది వస్తాంది బావా. ప్రతి మాటా వస్తాంది" అన్నాడు. "ఏ పాటలు వస్తే లేచిపోతా ఉంటినో ఆ పాటలే నాకు మిగిలేది" అని కిటికీ వైపు తిరిగినాడు. బాగేపల్లి దాకా ఇటు తిరగలేదు.

పంట సగం కూడా రాలేదు. దాని గురించి అతను ఒక్క మాట అనలేదు. నాలుగు రోజుల తర్వాత మా ఇంటికొచ్చి, "బావా, గురువారం పొద్దున నీకేం పని?" అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి గురువారం ఏడున్నరకు పోయి కూర్చుంటాను. రేడియో మా ఇద్దరి మధ్య. నేను వినాల, అతనికి చెప్పాల.

"ఎట్లుండాది?"

"బాగుండాది."

"బాగుండాదంటే ఏం తెలుస్తాది బావా? బర్రె పాలా? గొంతు యాడ ఎత్తుకునింది? యాడ నిలబెట్టింది? ముందర వాద్యమా మాటా?"

రెండు వేలమంది ముందర మైకు పట్టుకొని గంట మాట్లాడినవాణ్ణి. మూడు నిమిషాల పాట చెప్పడానికి నాకు మాటలు రావడం లేదు. అయినా మెల్లగా నేర్చుకున్నాను. గొంతు మెట్లు దిగినట్ల వచ్చిందంటే తల ఊపుతాడు. నీళ్ల బిందె దించినట్ల ఆగిందంటే కండ్లు మూసుకుంటాడు. పద్దెనిమిదో పుస్తకం నా మాటలతోనే నిండుతా ఉండాది. డెబ్బై నాలుగేండ్లకు ఇది కూడా సాధించినాను అని గిరిజమ్మ ముందర అంటే, "ఆయప్పకు చెవులైనావు గదన్నా, చల్లగుండు" అనింది.

పోయిన గురువారం అర్పిత ఒక కొత్త పాట పెడతా, మొదట్లో వచ్చే గజ్జెల చప్పుడు బాగా వినండి, పాటకు ప్రాణమంతా అందులోనే ఉంది అని చెప్పింది. గంగాధరప్పకు ఆ మాట గట్టిగా చెప్పినాను. అతను నా మొగం మీద కండ్లు పెట్టుకొని కూర్చున్నాడు.

పాట మొదలైంది. మద్దెల వచ్చింది. నేను గజ్జెల కోసం చూస్తా ఉండాను. మద్దెల వెంట మగ గొంతు వచ్చింది.

వాకిట్లో రాగులు చెరిగే గిరిజమ్మ చేట ఆపి, "అబ్బ, ఆ గజ్జెలు చూడన్నా, ఎంత ముద్దుగా ఉండాయో" అనింది.

నేను సెట్టుకు దగ్గరగా వంగినాను. మద్దెల. మగ గొంతు.

"బావా, ఏ మాదిరి ఉండాయి?" అని గంగాధరప్ప పెన్ను తీసినాడు. "ఒక కాలివా, రెండు కాళ్లవా?"

"రెండు కాళ్లవి" అన్నాను.

రాసుకున్నాడు.