అడ్డగీత పడిన చీర

నా చిన్నప్పుడు మదనపల్లెలో మా ఇంట్లో అందరికీ వచ్చిన ఇంగ్లీషు మాట ఒకటే, డ్యామేజీ. బడి ముఖం చూడని మా అవ్వ కూడా దాన్ని పలికేది, భయపడుతూ. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. సావుకారు ఇచ్చిన పట్టుతో నేసి, చీర ఆయనకే అప్పజెప్పాలి. ఆయన గుమాస్తా నోట ఆ మాట వచ్చిందంటే నెలల కష్టం మట్టిపాలే.

ఒక ఏడు మా చంటి తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికింకా పేరు కూడా పెట్టలేదు. మగ్గం మీద పెళ్లిచీర సగంలో ఉంది, ఆపడానికి వీల్లేదు. వాణ్ని పూడ్చి వచ్చిన నాయన చేతులాడక మూలన కూలబడితే, అమ్మే మగ్గంలో కూర్చుంది. పోగు బిగియడానికి ఒకరి చెయ్యి వేసే దెబ్బ ఇంకొకరి చేతికి రాదు. చెయ్యి మారిన చోట నేత వదులై, చీరకు అడ్డంగా సన్నని గీత పడింది.

గుమాస్తా చీరను వెలుగుకు పట్టి, “ఈడ సూడప్పా, గీత పడుండాది. డ్యామేజీ,” అని తిప్పి ఇచ్చేశాడు. ఆయనకు మా ఇంటి సంగతి తెలియదు.

అమ్మ ఏడవలేదు. బిడ్డ పోయిన నాడూ ఏడవలేదు. “బిడ్డనీ సరిగా సూసుకోలేదు, సీరనీ సరిగా నెయ్యలేదు. తప్పంతా నాదే,” అని అదే మాట. సంగటి ముట్టలేదు. అమ్మ కూడా పోతుందేమోనని నేను హడలిపోయాను.

పక్కింటి అక్క వాయల్పాడు బడిలో ఇంగ్లీషు చెప్పేది. పరుగున వెళ్లి, అమ్మ అంటున్నదంతా చెప్పి, ఆ పాడు మాటకు అర్థమేమిటని అడిగాను. చెడిపోయిన వస్తువును ఇప్పుడు అలా అంటారనీ, కోర్టులో నష్టపరిహారానికీ ఆ మాటే వాడతారనీ చెప్పింది. పుట్టుక మాత్రం లాటిన్ అనే పాత భాషలోనట. అక్కణ్నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. మొదట దాని అర్థం నష్టమట. ఆ మాట అంటూనే అక్క లేచింది. నా చెయ్యి పట్టుకుని మా ఇంటికొచ్చి, అమ్మ పక్కన నేల మీదే కూర్చుంది.

“అత్తా, ఆ మాట పుట్టినప్పుడు దాంట్లో తప్పనేదే లేదు. పోగొట్టుకోవడం, అంతే. నువ్వు తప్పు సెయ్యలేదమ్మా. పోగొట్టుకొనుండావు.”

అమ్మ చీరను ముఖానికి అదుముకుని అప్పుడు ఏడ్చింది. వీధంతా వినేలా ఏడ్చింది. నాయన మూలనుంచి లేచి వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఆ సాయంత్రం అమ్మ రెండు ముద్దలు తింది.

ఇప్పటికీ ఎవరైనా ఒక మనిషిని చూపించి వాడు పనికిరాడంటే నాకు ఒళ్లు మండుతుంది. వాడేం పోగొట్టుకున్నాడో అడిగారా అంటాను. ముసల్దాని చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. తమ్ముడి ముఖం ఎంత తలచుకున్నా గుర్తు రాదు. అమ్మ ఏడుపు మాత్రం నా చెవుల్లోనే ఉంది.