మావయ్యగారిని లేపిన ఇంజన్

నైట్రో ఇంధనంతో పరుగెత్తే నా రేసు బగ్గీకి, అదేనండీ రిమోట్ కారుకి, పికప్ ఉన్న ఇంజన్ కొనాలో, నిలకడగా తిరిగేది కొనాలో తేలక వారం నుంచి బుర్ర వేడెక్కిపోతోంది. ఈ మధ్యాహ్నం బంటుమిల్లిలో మావయ్యగారి రొయ్యల చెరువు దగ్గర కూర్చుని, రెండు ఇంజన్ల వీడియోలూ ఫోన్లో గట్టిగా పెట్టాను. పక్కన మంచం మీద ఆయన అంత మోతలోనూ గురక పెట్టారు. వీడియోలు అయిపోయి నిశ్శబ్దం కాగానే మాత్రం దిగ్గున లేచి, చెప్పులైనా వేసుకోకుండా గట్టు మీదికి పరుగెత్తారు.

“ఏరేటర్లు ఆగిపోయినయ్యి! గాలందక రొయ్యలు చచ్చిపోతాయయ్యా!”

“చెరువులో గాలి కొట్టే ఆ మిషన్లు అసలు వెయ్యలేదండీ. ఆగింది నా ఫోను.”

ఆయన తిరిగొచ్చి నడుం వాల్చారు. “అయితే మళ్ళీ పెట్టు. నిద్ర బాగా పట్టింది.”

“ఏ ఇంజన్ పెట్టమంటారండీ?”

“ఆగనిది.”

పికప్ సంగతి ఇక అడగను. మాటిమాటికీ ఆగిపోయే ఈ నైట్రో ఇంజన్లలో ఆగనిదంటూ ఉంటే, ఎవరైనా కాస్త చెప్పండి బాబూ!