పెద్దిరాజు బొటనవేలు

కత్తి మెడలో సగం దిగి ఆగిపోయింది.

మేకపోతు పడలేదు. తాడు పట్టుకున్న ఇద్దరినీ ఈడ్చుకుంటూ, వేలాడుతున్న తలతో జనంలోకి దూకింది. ఆడవాళ్ల చీరల మీద, పిల్లల మొహాల మీద నెత్తురు చిమ్మింది. పెద్దిరాజు వెంటపడి రెండో వేటు వేశాడు, అది భుజానికి తగిలింది. మూడో వేటుకు గాని దాని ప్రాణం పోలేదు.

ధవళేశ్వరం దిగువన కాలువ గట్టు మీదుండే ఆ ఊళ్లో, జాతరనాడు అమ్మవారి పోతు ఒక్క వేటుకు తెగాలి. రెండో వేటు పడితే ఊరికి అరిష్టం. ఇరవై రెండేళ్లుగా ఆ కత్తి పెద్దిరాజుదే. మిగతా రోజుల్లో గట్టు మీద మాంసం కొట్టు నడుపుకుంటాడు.

ఎవరో వెనకనుంచి కర్రతో నెత్తిన కొట్టారు. ఆ తర్వాత ఎవరు కొట్టారో, ఎవరు తన్నారో లెక్కలేదు. కింద పడి చూస్తే, రోజూ తన దగ్గర తొడ మాంసం అడిగి కోయించుకునేవాళ్ల కాళ్లే కనిపించాయి. రెండు పక్కటెముకలు విరిగాయి. కనుబొమ్మ చీలింది.

అవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒకటే. కత్తి దించే క్షణంలో కుడిచేతి బొటనవేలి మొదట్లో నిప్పు కణిక పెట్టినట్టయి పట్టు సడలింది. ఆ వాపు ఆర్నెల్లుగా ఉంది. దాన్ని పెళ్లాం దగ్గర కూడా దాచాడు. చెయ్యి పోయిన కటికవాడికి ఇంకేం మిగులుతుంది?

రాజమండ్రిలో కనుబొమ్మకు కుట్లు వేసిన డాక్టరు దేవకుమారి ఆ బొటనవేలిని నొక్కి చూసింది. రక్తం పరీక్ష చేయించి, కాగితం చూస్తూ అడిగింది.

"రోజూ మాంసం తింటారా?"

"కొట్టు పెట్టుకుని తినకపోతే ఎలాగండి? పొద్దున్న కార్జం వేపుడు, మధ్యాహ్నం కూర, రాత్రికి మిగిలింది. తలకాయ కొడితే మెదడు నాదేనండి."

"యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుంది. బీపీ ఉంది, కొలెస్ట్రాల్ ఉంది. మాంసం మానెయ్యమనట్లేదు. ఆదివారం తినండి, మధ్యలో ఒకరోజు చేప. మిగతా రోజులు పప్పు, కూరలు, ఆకుకూరలు, పళ్లు. కార్జం, మెదడు అసలొద్దు. మాత్రలు ఆపొద్దు. ఇలా తినడానికి ఫ్లెక్సిటేరియన్ అని ఓ పేరుందిలెండి."

"పేరు దేనికండి, చెయ్యి బాగవుద్దా?"

"చెయ్యొక్కటే కాదు. గుండెకి మంచిది, బరువు తగ్గుతారు, రేపు సుగరొచ్చే ముప్పూ తగ్గుతుంది. కానీ నెలలు పడుతుంది. ఒక్కరోజులో పాడైంది కాదుగా."

ఆ చివరి మాట అతనికి పనితనం తెలిసిన మనిషి మాటలా అనిపించింది. సానరాయి మీద ఒక్క రుద్దుకు పదును రాదు.

అయినా మొదటి నెల ఇల్లు రణరంగమైంది. నాలుగోరోజు తోటకూర పప్పు కంచాన్ని గోడకేసి కొట్టాడు. పెళ్లాం లోవమ్మ గోడ తుడిచి, ఇంకో కంచంలో మళ్లీ అదే వడ్డించింది.

"కంచం విసరడానికైనా చెయ్యి కావాలిగా. తిను."

తిన్నాడు. పెసరట్టు, ఆనపకాయ పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు తిన్నాడు. ఆదివారం గోంగూర మాంసంలో గోంగూరే ఎక్కువుంటే గింజుకుంటూ తిన్నాడు. మూడో నెలకి మోకాళ్లు పట్టెయ్యడం తగ్గింది. ఆరో నెలకి లుంగీ బిగించి కట్టుకోవాల్సొచ్చింది. బొటనవేలి వాపు తీసింది గాని, గట్టిగా బిగించి చూడాలంటే అతనికి భయం.

ఈలోగా ఊరి పెద్దలు అమ్మవారి కత్తి లోకనాథ్‌కి ఇచ్చారు. లోకనాథ్ లోవమ్మ తమ్ముడే. వంతెన అవతల అతనిదీ మాంసం కొట్టే. అక్కణ్నుంచే ఒక మాట పుట్టింది: పెద్దిరాజు తన కొట్టు మాంసం తనే ముట్టడు, ఏ చచ్చిన మేకల్ని కోస్తున్నాడో. జనం వంతెన దాటి అటు పోవడం మొదలుపెట్టారు. ఒక పొద్దున్న కుళ్లిన మేక ఒకటి అతని కొట్టు గుమ్మంలో పడి ఉంది.

జాతర ఇంకా పదిరోజులుందనగా లోకనాథే వచ్చాడు. కొట్టు ముందు నలుగురున్నారు.

"ఏంటి బావా, ఇవాళ కూరేంటి?"

"పొట్లకాయ."

"మేకల్ని కోసేవోడివి, మేకలా మేస్తున్నావేంటి బావా?"

ఎవరో నవ్వారు. పెద్దిరాజు తలెత్తకుండా చింతమొద్దు మీద ముక్కలు కొడుతున్నాడు. లోకనాథ్ వేలాడుతున్న తొడ అందుకుని వాసన చూసి, మొహం చిట్లించి మురుక్కాలవలోకి విసిరాడు.

అది ఆ పొద్దున్నే కోసిన మేక. బొచ్చు పోగు అంటకుండా, పిసరంత చెడకుండా ఒలిచిన తొడ.

పెద్దిరాజు కత్తి వదిలేసి మొద్దు మీంచి దూకాడు. లోకనాథ్ తూకం రాయితో అతని చెవి మీద మోదాడు. చెవి చిట్లింది. పెద్దిరాజు ఆ చేతినే ఒడిసిపట్టి వెనక్కి విరిచాడు. భుజం కటుక్కుమంది. అరుపు గట్టు చివరిదాకా వినపడింది. అతను ఆగలేదు. బావమరిదిని చింతమొద్దు మీదికి వెల్లకిలా పడేసి పీక పట్టాడు. లోకనాథ్ కళ్లు తేలేశాడు. కాళ్లు నేలను తన్నుతున్నాయి.

"వాడు నా తమ్ముడయ్యా," అంటూ లోవమ్మ పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు చూసుకున్నాడు. దవడ కింద తన కుడి బొటనవేలు మొదలంటా దిగి ఉంది. దాని కింద నరం కొట్టుకుంటోంది. వేలికి నొప్పి లేదు. నిరుడు కత్తి పట్టలేకపోయిన వేలు మనిషి ప్రాణం పట్టుకుంది.

ఒక్కొక్క వేలే విప్పాడు.

"లోవా, నొప్పి లేదే," అన్నాడు.

లోవమ్మ నెత్తురోడుతున్న అతని చెంప మీదే కొట్టింది.

ఊరి పెద్ద వీరవెంకటసత్యనారాయణ గారు మర్నాడొచ్చారు. "లోకనాథ్ భుజానికి నెల్లాళ్లు కట్టంట. కేసు లేకుండా మీ ఆవిడే బతిమాలుకుంది. కత్తి పట్టేవాడింకెవడూ లేడు, నువ్వే పట్టాలి. ఈసారి సగంలో ఆగితే పక్కటెముకలతో పోదు, చూసుకో."

"తెలుసండి."

రోజూ పొద్దున్నే పెరట్లో అరటి బోదెలు పాతి నరికాడు. బలంతో కాదు, బొటనవేలు బిగించి, మిగతాది కత్తి బరువుకే వదిలేశాడు. ఎనిమిదోరోజుకి తెగిన బోదె ఒక రెప్పపాటు అలాగే నిలబడి, అప్పుడు జారింది.

జాతర ఆదివారమొచ్చింది. నిరుడు కొట్టినవాళ్లే కర్రలతో చుట్టూ నిలబడ్డారు. నీళ్లు చల్లితే పోతు ఒళ్లు విదిలించింది. పెద్దిరాజు దాని మెడ ఎముకల సందు కంటితోనే వెతికి కత్తి దించాడు. తల ముందు పడింది. మొండెం ఆ తర్వాత మోకరిల్లింది. నెత్తురు అతని గుండెల దాకా ఎగజిమ్మింది. కర్రలు కిందికి దిగాయి.

వేటు వేసినవాడిదే తల. దాన్ని అరిటాకులో చుట్టుకుని వంతెన దాటి లోకనాథ్ ఇంటికి వెళ్లాడు. వెనకే లోవమ్మ గిన్నెతో వచ్చింది.

"నీకు రావాల్సింది. తెచ్చాను," అన్నాడు.

లోకనాథ్ మెడ మీద వేలి గుర్తులు ఇంకా నల్లగా ఉన్నాయి. ఎడంచేత్తో అరిటాకు విప్పి చూశాడు. "మెదడు నువ్వు తినవుగా."

"తినను. ఆదివారం కదా, బుగ్గమాంసం రెండు ముక్కలు పెడితే తింటాను."

వండడం అయ్యాక ఇద్దరికీ కంచాలు పెట్టారు. కుడిచెయ్యి కట్టులో ఉన్న లోకనాథ్ ఎడంచేత్తో కలుపుకోలేక మెతుకులు కింద పోసుకుంటున్నాడు. పెద్దిరాజు ఆ కంచం తన వైపు లాక్కుని, లోవమ్మ గిన్నెలోని తోటకూర పప్పు వేసి కలిపాడు.

"మాంసం తరవాత," అని ముద్ద నోటికందించాడు.