నాగులమ్మ నాణేలు, నరసయ్య నూనె

నరసయ్య గూడూరు బస్సెక్కిన పది నిమిషాలకే ఆయన చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి. పెద్దవాణ్ణని మర్యాద చేస్తున్నారు కాబోలని కాసేపు మురిసిపోయాడు. కండక్టరు ముక్కు మూసుకుని కిటికీ తెరవమని సైగ చేశాక గానీ సంగతి అర్థం కాలేదు. ఒళ్లో ఉన్న బిస్కెట్ల డబ్బాకు తువాలు ఇంకో చుట్టు చుట్టాడు. డబ్బాలోంచి వస్తున్నది సొర చేప నూనె వాసన. పడవలకు ఆ నూనె పట్టిస్తూ పెరిగినవాడు కాబట్టి ఆయన ముక్కుకు అది వాసనగానే తోచదు.

డబ్బాలో పదకొండు రాగి నాణేలున్నాయి. అన్నీ ఆయన భార్య నాగులమ్మకు దొరికినవే.

ఎండాకాలం పులికాట్ సరస్సులో నీళ్లు వెనక్కి తగ్గితే, ఒడ్డునున్న నరసయ్య ఊరి ఆడవాళ్లు మోకాటి లోతు బురదలో దిగి చేతుల్తో తడిమి రొయ్యలు పడతారు. నాగులమ్మ వేళ్లకు రొయ్య ఏదో, గవ్వ ఏదో చూడకుండానే తెలిసేది. ఒకనాడు రెండూ కానిది తగిలింది. తీసి కొంగుతో తుడిస్తే, ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాసినట్టు ఏవో అక్షరాలు కనబడ్డాయి. ఒకప్పుడు ఆ తీరంలో వ్యాపారం చేసిన డచ్చివాళ్ల నాణెమని ఎవరో చదువుకున్నవాళ్లు చెప్పారు. తర్వాత తొమ్మిది ఎండాకాలాల్లో ఇంకో పది దొరికాయి. అమ్మమని అడిగినవాళ్లు అడిగారు. ఆమె ఇవ్వలేదు. కాగితంలో పొట్లం కట్టి దేవుడి గూట్లో పెట్టుకుంది.

ఆమె పోయి పద్నాలుగేళ్లయింది. పొట్లం నరసయ్య చేతికొచ్చింది. కాగితం చూడగానే ఆయనకు దిగులు పుట్టింది. ఉప్పుగాలికి తలుపు బందులే నిలవవు, కాగితం ఏం కాపాడుతుంది? ఆయన గాలాలు చూడండి, ముప్పై ఏళ్లవి కూడా నిన్న కొన్నట్టుంటాయి. గాలం దాచే పద్ధతే నాణేనికీ పట్టించాడు. ఒక్కోదానికీ సొర నూనె దట్టంగా పూశాడు, ప్లాస్టిక్ కవర్లో వేశాడు, వలదారంతో బిగించి ముడేశాడు. ప్రతి అమావాస్యకూ గాలాలకు నూనె పట్టించేటప్పుడు డబ్బాలోనూ ఇంత పోసేవాడు. ముడి మాత్రం విప్పేవాడు కాదు, గాలి తగులుతుందని. భార్య బతికుండగా తలనొప్పికి ఆమె నుదుటికి ఏనాడూ ఇంత అమృతాంజనం రాయని మనిషి, పద్నాలుగేళ్లు ఆమె నాణేలకు నెల తప్పకుండా నూనె పోశాడు.

ఇప్పుడు గూడూరులో పాత నాణేల ప్రదర్శన పెడుతున్నారు. నడిపిస్తున్నది రిటైరైన టీచరు కరుణాకుమారి. నరసయ్య కూతురు ఉష ఆమె దగ్గరే చదువుకుని, ఇప్పుడు అదే ఊళ్లో బట్టల షాపులో పనిచేస్తోంది. నాణేల సంగతి ఉష చెబితే, పట్టుకురమ్మని, దొరికినవాళ్ల పేరు చీటీ మీద రాసి అద్దం కింద పెడతామని ఆవిడ అంది. నాగులమ్మ పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా ఎక్కలేదు. మరణ ధ్రువపత్రంలో ఎక్కింది గానీ, అక్కడ నాగమ్మ అని పడింది. నరసయ్య వారం రోజులు టీకొట్టు దగ్గర ఈ చీటీ సంగతే చెప్పాడు. రేపు చూడటానికి రమ్మని బావమరిది గంగులయ్యను, ఇంకో నలుగురిని పిలిచి మరీ బస్సెక్కాడు.

ప్రదర్శన పెట్టే కల్యాణ మండపంలో, నరసయ్య, ఉష చూస్తుండగా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కరుణాకుమారి మొదటి కవరు కత్తిరించింది. లోపల నుంచి ఆకుపచ్చ జిగురు సాగింది.

"ఏం పూసినావన్నా దీనికి?"

"ఊరికే దొరికే నూనె కాదమ్మా, అసలు సొర నూనె!" నరసయ్య ఛాతీ విరిచాడు. "ఒక్క అమావాస్య తప్పలేదు."

ఆవిడ నాణేన్ని గుడ్డ మీద పెట్టింది. దూదితో మెల్లగా అద్దింది. ఆకుపచ్చతో పాటు అక్షరాలూ దూదికే వచ్చేశాయి. కింద గుంటలు పడిన రాగి బిళ్ల మిగిలింది. రెండోదీ అంతే. ఐదోదాని తర్వాత ఆవిడ కత్తెర పక్కన పెట్టింది.

"చింతపండుతో తోమితే?" అన్నాడు నరసయ్య.

"వద్దన్నా. ఉన్నది కూడా పోతాది."

"పోనీ నిమ్మకాయ?"

"నిమ్మకాయల సంతకు పేరుపడ్డ గూడూరొచ్చి నిమ్మకాయ అడక్కుండా ఎట్ట పోతావులే!" అంది గానీ ఆవిడ మొహంలో నవ్వు లేదు. "ఇనుముకు నూనె మంచిదే. రాగికి అట్ట కాదు. నూనె పాతబడే కొద్దీ పులుస్తాది, ఆ పులుపు రాగిని తింటాది. కవరు బిగించి కట్టినావు గదా, అది బయటికి పోయే దారి లేదు. పొడి కాగితంలో ఉండుంటే చాలు."

"అమ్మ కాగితంలోనే గదా పెట్టుకున్నింది, నాయనా," అంది ఉష. అన్నాక, అనకుండా ఉండాల్సిందని తల తిప్పుకుంది.

నరసయ్య తువాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. "అన్నేళ్లు బురదలో ఉండినాయే. బురద ఏం చెయ్యలేదు," అన్నాడు.

కరుణాకుమారి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "వీటిని మంచివాటి పక్కన పెట్టలేనన్నా. కానీ అటు మూల ఇంకో బల్ల వేస్తా ఉన్నాము, ఎట్ట దాస్తే నాణేలు పాడవుతాయో చూపిద్దామని. అందులో పెడతా. పేర్లేమీ రాయనులే, నీకు చిన్నతనం లేకుండా."

"పేరు రాయవా?" నరసయ్య గబుక్కున తలెత్తాడు. "పేరు కోసమే గదమ్మా వచ్చింది! మా ఆడమనిషి పేరుండాల."

"పాడైనవాటి దగ్గర ఆమె పేరుంటే, ఆమే పాడుచేసిందనుకుంటారు నాయనా," అంది ఉష.

అది నిజమే. రేపు గంగులయ్య వస్తాడు, టీకొట్టు వాళ్లు వస్తారు. పేరు లేకపోతే ఆయన పరువు దక్కుతుంది, నాణేలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు కూడా.

"అయితే నా పేరూ రాయి," అన్నాడు. "దొరికింది ఆమెకు. చెడగొట్టింది నేను."

"నూనెలో దాచినవారు అని రాస్తాలే."

"అట్ట రాస్తే మెచ్చుకున్నట్టుంటాది. చెడగొట్టినోడనే రాయి."

ఆవిడ రాసింది. నరసయ్యకు చదువు రాదు. నాగులమ్మ పేరు ఏది, తన పేరు ఏది అని వేలు పెట్టించుకుని చూశాడు. రెండూ ఒకే కొలతలో ఉన్నాయని, చీటీ మార్చి ఆమెది పై వరసలో పెద్దదిగా రాయించాడు.

మర్నాడు పదింటికి గంగులయ్య వచ్చాడు. మంచి నాణేల బల్లలన్నీ వెతికి, చివరికి మూలకొచ్చి, మండపమంతా వినబడేలా చదివాడు. "నూనె పూసి చెడగొట్టినవారు, నరసయ్య! ఏంది బావా ఇది, ఊరంతా చాటి మమ్మల్ని పిలిపించింది ఇందుకా?"

పక్క బల్లల దగ్గరి వాళ్లు తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. అయినా నరసయ్య బల్ల పక్కనుంచి కదల్లేదు.

"కింద వరస చదివినావు," అన్నాడు. "పై వరస కూడా అంతే గట్టిగా చదువు."