చెరువులో పడని సున్నం

మా పిన్ని ఆదివారం తెల్లవారుజామున ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. నిద్రలోనే. ఆయాసంతో ఏడాదిగా కూర్చునే కునుకు తీసిన మనిషి, ఆ రాత్రి హాయిగా పడుకుంది. కబురు వినగానే ముందు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది.

అమలాపురంలో ఆడపిల్లల హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయింది. పొద్దున్నే ముఖం ముడుచుకుని వచ్చిన పిల్లను ఎవరైనా కసిరితే, "మధ్యాహ్నం దాకా ఆగండి" అనేది.

నాకు మాత్రం మొన్న వానాకాలంలో ఒక ఉదయం గుర్తుకొస్తోంది. పిల్లల దగ్గర ఉండాలని మా తమ్ముడు గల్ఫ్ వదిలి వచ్చి, తొలిసారి ఇంటి వెనకే రొయ్యల చెరువు వేశాడు. ఇది పోతే మళ్లీ గల్ఫే. రోజూ మధ్యాహ్నం గాజు గొట్టంలో చెరువు నీళ్లు పట్టి, రంగు మందు చుక్కలు వేసి పరీక్ష చేసేవాడు. రాత్రి వాన పడిందన్న భయంతో ఆ రోజు తెల్లారుతూనే చేశాడు. నేను పిన్నికి కాఫీ ఇస్తుంటే గాజు గొట్టంతో పరుగున వచ్చాడు. రోజూ నీలంగా తేలే రంగు పసుపు వైపు తిరిగింది.

"నీళ్లు పులిసిపోయాయి పిన్నీ! సున్నం చల్లేస్తాను. బస్తాలు గట్టు మీదే ఉన్నాయి."

"పులవడానికి అదేమన్నా పెరుగేంట్రా? రాత్రంతా చెరువులో జీవాలు వదిలిన గాలి నీళ్లలో కరిగి ఆమ్లమైంది. ఎండొస్తే నాచు ఆ గాలిని తినేస్తుంది. అప్పుడు చూడు."

"ఈలోగా రొయ్యలు పోతే?"

"సున్నం వేస్తే క్షారం ఎక్కువై పోతాయి. పీహెచ్ ఎనిమిది తొమ్మిదైతే ఒక్క అంకే కదా అనుకోకు. క్షారం పదింతలైనట్టు. కూర్చో, కాఫీ తాగు."

"ఆయ్" అన్నాడు గానీ కాఫీ ముట్టలేదు. నేను వంటింట్లో ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం ఎండలో మళ్లీ చుక్కలు వేశాడు. రోజూ కంటే ముదురు నీలం. దానిపైన సున్నం కూడా పడి ఉంటే! వాడు గట్టు మీద చతికిలపడి నవ్వాడు. పిన్ని చల్లారిన కాఫీ వాడి చేతిలో పెట్టింది.

రొయ్యలు పట్టిన రోజు గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. వాడు గల్ఫ్ మాట మళ్లీ ఎత్తలేదు.

పిన్నిని సమాధి చేసిన సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. మా చెల్లెలు సమాధికి పాలరాయి వేయిద్దామంది.

"ఆవిడ చల్లనివ్వని సున్నం ఉందక్కా," అన్నాడు తమ్ముడు.

అందరూ సమాధులకు వెల్ల వేసే సమాధుల పండక్కి ఆ సున్నమే వేద్దామని, వాడే వెయ్యాలని అనుకున్నాం. తడి మీద సున్నం తెల్లగా కనిపించదు. పొద్దున్న వేసి, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుందామనుకున్నాం.