రాహేలు సిస్టర్ ఇచ్చిన మాట

మొయినాబాద్‌లో నేను పనిచేసే ఆసుపత్రి వార్డులోకి ఇవాళ పొద్దున ఎవరో గంజి పెట్టిన తెల్లచీరలో వచ్చారు. ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న అక్కను చూడటానికి వచ్చిన మనిషి, పాపం. ఆ గంజి వాసన ముక్కుకు తగలగానే నాకు చిరాకెత్తింది. ఆమె తప్పేమీ లేదు. నా చిరాకంతా రాహేలు సిస్టర్ మీద. అప్పట్లో చేవెళ్లలోని ఒక చిన్న దవాఖానలో ఆమె హెడ్ నర్సు, నేను కొత్తగా చేరిన నర్సుని. నాకు పని నేర్పిందీ ఆమే, నా ప్రాణాలు తోడేసిందీ ఆమే.

ఆపరేషన్‌కు ముందు రోగిని తయారు చేయడమంటే నా లెక్కలో గౌను తొడిగి, సెలైన్ పెట్టి, లోపలికి పంపడం. ఆమె లెక్కలో మంచం అంచున కూర్చుని ముచ్చట పెట్టడం. లోపల సర్జన్ గారు గ్లవ్స్ వేసుకుని కాచుకుని ఉంటే, ఈవిడ తీరిగ్గా "నీకు దేనికి భయమైతున్నదో చెప్పు" అని అడుగుతూ ఉండేది. షాబాద్ నుంచి వచ్చిన ఒక కిరాణా సేటుకు, మత్తులో ఇంటి గుట్టంతా వాగేస్తానేమోనని దిగులు. "వాగినా వినే తీరిక మాకెక్కడున్నది సేటూ, మా పని మాకుంటది" అంది. సేటు నవ్వుకుంటూ లోపలికి వెళ్లాడు. ఆలస్యమైందని తిట్లు మాత్రం నాకు పడ్డాయి.

పోనీ, త్వరగా తెమల్చాలని నేను ఎవరితోనైనా "ఏం కాదు" అంటే ఊరుకునేది కాదు. "ఏం కాదని నీకెవరు చెప్పిన్రు? తెల్వని మాట చెప్పకు" అని అందరి ముందే కసిరేది. మరేం చెప్పాలి సిస్టర్ అంటే, "వాళ్లను అడగనియ్యి, అప్పుడు నీకే తెలుస్తది" అనేది. ఇలాంటి జవాబుకు ఎవరికైనా ఒళ్లు మండదా?

ఒకసారి చిన్న మంగళారం నుంచి మార్తమ్మ అనే ఆమె పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి వచ్చింది. అంతకుముందు భయపడి వార్డు నుంచే ఇంటికి పారిపోయిన మనిషి. మళ్లీ వెళ్లిపోతే చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్లు గట్టిగానే చెప్పారు. రాహేలు సిస్టర్ పక్కన కూర్చుని, నచ్చజెప్పి ఎలాగో ఒప్పించింది. అక్కడితో ఆగిందా? ధైర్యంగా ఉంటుందని వాళ్ల చర్చివాళ్లకు ఫోన్ చేసి రమ్మంది. వాళ్లు ఆదివారం ఆరాధనకు వచ్చినట్టే వచ్చారు. ముందు పాస్టర్ గారు, వెనక గంజి వాసన కొడుతూ తెల్లచీరలు, తెల్లచొక్కాలు, చేతుల్లో బైబిళ్లు. మంచం చుట్టూ నిలబడి పాట ఎత్తుకున్నారు.

మార్తమ్మ ముఖం పాలిపోయింది. ఆమె భర్త పోయే ముందు కూడా వీళ్లంతా ఇలాగే తెల్లబట్టల్లో వచ్చి మంచం చుట్టూ పాడారట. "నాకు చెప్తలేరు గని, నా పని అయిపోయినట్టే ఉన్నది" అంటూ సెలైన్ సూది పీకేసి మంచం దిగింది. కూతురు సునీత ఏడుస్తూ చెయ్యి పట్టుకుంది. వచ్చినవాళ్లంతా ఒక్క గొంతుతో ఏం కాదు, ఏం కాదు అన్నారు. మార్తమ్మ బీపీ అమాంతం పెరిగిపోయింది. మత్తు డాక్టర్ చూసి, బీపీ తగ్గకపోతే ఇవాళ చెయ్యలేమని చెప్పి వెళ్లిపోయాడు. నాకొచ్చిన కోపానికి పాస్టర్ గారినీ సిస్టర్‌నీ కలిపి గేటు బయట పెట్టేదాన్ని.

సిస్టర్ చర్చివాళ్లను బయటికి పంపి, మార్తమ్మను కూర్చోబెట్టి పక్కన కూర్చుంది.

"వాళ్లను పిలిచింది నేనే. దాచిపెట్టింది ఏం లేదు."

మార్తమ్మ సూది పీకిన చోట వేలితో ఒత్తుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"నేను లేవకపోతే?"

"అట్ల అనకే అమ్మా" అని సునీత తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. సిస్టర్ ఆ చెయ్యి పక్కకు జరిపింది.

"లేస్తవనే చేస్తున్నం. లేవకపోతే, ఆ మాట నీ బిడ్డకు నేనే చెప్త. పక్కన కూసోని చెప్త. ఒక్కదాన్ని ఇడిచిపెట్ట."

ఆపరేషన్‌కు ముందు రోగితో అనే మాటేనా ఇది?

"మాట తప్పవు గద?" అంది మార్తమ్మ.

"తప్ప."

మార్తమ్మ పడుకుని, సూది పెట్టమని నా వైపు చెయ్యి చాపింది. మధ్యాహ్నానికి బీపీ దిగింది, ఆపరేషన్ జరిగింది. ఇంటికి వెళ్లే రోజు మా దవాఖాన ఇడ్లీలను తిట్టుకుంటూ వెళ్లింది.

సిస్టర్ రిటైరై హాయిగా ఉంది. ఆ అలవాటు మాత్రం నాకు అంటించి పోయింది. నేనూ మంచం అంచున కూర్చుంటాను, సర్జన్ల చేత తిట్లు తింటాను, అడిగినవాళ్లకు ఆ మాట ఇస్తాను. ఇవ్వడం సులువే, అందరూ లేచి ఇంటికి వెళ్తున్నంత కాలం.

పోయిన వానాకాలం ఒకాయన లేవలేదు. డాక్టర్ గారు తాను చెప్తానన్నారు. ఆ రోగికి నేను మాటిచ్చానని చెప్పి, నేనే బయటికి వెళ్లాను. ఆయన భార్య బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ వేడిగా ఉందో లేదో చూస్తోంది. పక్కన కూర్చుని చెప్పాను. ఆమె ఏడవలేదు, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. లోపలి నుంచి ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు. రాహేలు సిస్టర్‌ను మనసులో తిట్టుకుంటూ అక్కడే కూర్చున్నాను.