నర్సమ్మ చేతుల కింది పుస్తకం

పోయిన నెలలో ఒక గురువారం మా ఇంట్లో గృహప్రార్థన జరిగింది. అందరూ టీ తాగి వెళ్లిపోయినా మా చర్చి పాస్టరు అయ్యగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆయనకు నా చిన్నకొడుకు వయసుంటుంది. నంద్యాలకు వచ్చి రెండేళ్లే అయింది గనుక మా సంఘంలో ఎవరికి ఎవరు ఏమవుతారో ఇంకా కనుక్కుంటూనే ఉంటాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, "టీచరమ్మా, ఆళ్లగడ్డ ఆస్పత్రిలో పనిచేసిన జర్మనీ నర్సమ్మను ఎరిగినోళ్లు మీరొక్కరే మిగిలినారంట గదా. ఆమె తమ్ముని మనవడు అమెరికా నుంచి రాసినాడు" అన్నాడు. నేను కళ్లజోడు వెతుక్కునేలోపే ఆయన చదివి అర్థం చెప్పాడు. ఆ మనవడు తమ వంశచరిత్ర రాస్తున్నాడు. వాళ్ల పెద్దలు వలస వెళ్లి మొట్టమొదట దున్నిన పొలం మూలన మూడు చిన్న సమాధులున్నాయి. పెట్టిన కొయ్య సిలువలు ఎప్పుడో కుళ్లిపోయాయి. వాళ్ల ఊరి గుడి ఒకసారి కాలిపోయినప్పుడు దాంతోపాటు రికార్డులూ పోయాయి. ఇప్పుడు ఆ పిల్లలకు ఒక రాయి నిలబెట్టాలని వాళ్ల కోరిక. పిల్లల పేర్లు రాసి ఉన్నది ఒకే ఒక్కచోట, నర్సమ్మ ఇండియాకు తెచ్చుకున్న జర్మను బైబిలు ముందు పేజీల్లో. ఆ పుస్తకం ఎవరి దగ్గరన్నా ఉందా, ఉంటే ఆ పేజీ ఒక్కటి ఫొటో తీసి పంపగలరా అని ఎంతో మర్యాదగా అడిగాడు.

"రేపు చెప్తాను అయ్యగారూ" అన్నాను. నిజానికి రేపటిదాకా ఆలోచించవలసిన అవసరం లేదు. ఆ పుస్తకం ఎక్కడుందో నాకు తెలుసు. ఆళ్లగడ్డ సమాధుల తోటలో, నల్లరేగడి కింద, నర్సమ్మ చేతుల కింద ఉంది. అది అక్కడికి ఎందుకు పోయిందో తెలిసినవాళ్లలో కూడా నేనొక్కదాన్నే మిగిలాను.

మా అమ్మ ఆ ఆస్పత్రిలో ఆయా. ఆస్పత్రి అంటే పెద్దది అనుకోకండి, నాపరాళ్లు పరిచిన రెండు గదులూ ఒక వసారా. నాయన పక్క పల్లె బడిలో పంతులు, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. అందుకని నేను పెరిగింది ఎక్కువగా ఆ వసారాలోనే. నర్సమ్మ తాటిచెట్టంత పొడుగు. ఎండకు ఆమె ముక్కు ఏడాది పొడుగునా పొట్టు రాలుతూనే ఉండేది. మా ఊరి మాట మా ఊరివాళ్లకంటే బాగా వచ్చింది ఆమెకు. రోగి వచ్చి కూర్చోవడమే ఆలస్యం, "ఏందప్పా, యాడ నొప్పి? ఈడనా?" అని గట్టిగా నొక్కేది. సగంమందికి ఆ నొక్కుడుతోనే నొప్పి పోయేదని నాయన నవ్వేవాడు. ఆమెది ఏ దేశమో మాత్రం ఆళ్లగడ్డలో ఎవరికీ తేలలేదు. కట్టుగుడ్డలకు ఆమె బట్ట కొనే అంగడి శెట్టి ఒకసారి పట్టుబట్టి అడిగాడు.

"జర్మనీదానివంటారు. వచ్చిందేమో అమెరికా నుంచి. మీ నాయన రష్యాలో పుట్టినాడంటావు. ఇంతకీ మీ ఊరు యాడుందమ్మా?"

"యాడుంటే ఆడే మా ఊరు శెట్టీ. ఇప్పుడు ఆళ్లగడ్డ. బట్ట సరింగా కొలువు."

"మాటలు మటుకు మా ఊర్లోనే నేర్చినావు తల్లీ" అని శెట్టి ఇంకో జానెడు వదిలి చించాడు.

శనివారం మధ్యాహ్నాలు రోగులు తక్కువ. అమ్మా, నర్సమ్మా, నేనూ వసారాలో కూర్చుని ఉతికి ఆరేసిన కట్టుగుడ్డలు చుట్టేవాళ్లం. ఆమె తన వాళ్ల కథ చెప్పేది అప్పుడే. వాళ్ల పూర్వీకులు జర్మను రైతులట. రష్యా రాణి రమ్మని పిలిచి భూములిస్తే బండ్లు కట్టుకుని వెళ్లారు. అక్కడ వందేళ్లు దున్నారు, వందేళ్లూ ఇంట్లో జర్మనే మాట్లాడారు. ఆ తర్వాత వాళ్ల మగపిల్లలను సైన్యంలోకి పిలిచారు. ఆయుధం పట్టరాదన్నది వాళ్ల విశ్వాసం. మళ్లీ సామాను సర్దుకుని, ఈసారి ఓడెక్కి, అమెరికా మధ్యలోని గడ్డిమైదానంలో దిగారు. అక్కడ చెట్టు లేదు, రాయి లేదు. కనుచూపు మేర గడ్డి, ఆ గడ్డి మీద గాలి. ఇల్లు కట్టడానికి ఏమీ దొరక్క, వేళ్లతో సహా పచ్చిక మట్టిపెళ్లలు నాగలితో కోసి, ఇటుకల్లా పేర్చి గోడలు లేపారు. పైకప్పు కూడా అదే. బయట వాన ఒకరోజు కురిస్తే లోపల మూడురోజులు కురిసేదట. కప్పులోంచి అప్పుడప్పుడు పాములు జారి మంచం మీద పడేవట. కట్టెలు లేక పశువుల పేడ ఎండబెట్టి పొయ్యిలో పెట్టేవాళ్లు అని ఆమె చెప్పినప్పుడు మా అమ్మ చేతిలో గుడ్డ వదిలేసి, "అయితే మీరూ పిడకలు కొడతారా నర్సమ్మా!" అంది. ఆ తర్వాత వారం రోజులు ఆళ్లగడ్డ ఆడవాళ్లంతా ఆస్పత్రికి వచ్చి, దగ్గు లేకపోయినా దగ్గి, తెల్లవాళ్లు పిడకలు కొట్టే సంగతి అడిగి తెలుసుకుని పోయారు.

ఆ కథలో నవ్వు అక్కడితో ఆగిపోయేది. మొదటి చలికాలంలోనే నర్సమ్మ అమ్మానాన్నల ముగ్గురు పిల్లలు గొంతువాపు జబ్బుతో ఒకే వారంలో పోయారు. నేల గడ్డకట్టి రాయిలా ఉంది, పార దిగలేదు. వాళ్ల నాయన ముగ్గురినీ గుడ్డల్లో చుట్టి విత్తనాల కొట్టంలో పెట్టి, మంచు కరిగేదాకా ప్రతి ఉదయం వెళ్లి చూసి వచ్చేవాడట. నర్సమ్మ ఆ పిల్లల తర్వాత పుట్టింది. వాళ్లను ఆమె ఎరగదు. కానీ వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉండేది. శనివారం పని ముగిశాక బైబిలు ముందు పేజీలు తీసి, జర్మనీలో మొదలుపెట్టి ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లూ పోయినవాళ్ల పేర్లూ పిల్లలచేత వరసగా చదివించేవాళ్లు, ఒక్కటి కూడా వదలకుండా. ఆళ్లగడ్డలో ఆమె చుట్టూ వినడానికి తనవాళ్లు ఎవరూ లేరు గనుక నాకు చదివి వినిపించేది. నేను ఆదివారపు బడిలో కంఠతవాక్యం నేర్చుకున్నట్టే ఆ పేర్లన్నీ నేర్చుకున్నాను. అర్థం తెలియదు, అక్షరాలు తెలియవు, పాటలాగా మాత్రం వచ్చేవి.

నాకు తొమ్మిదో ఏట అమ్మకు నెలలు నిండకుండానే కాన్పు అయింది. మగబిడ్డ. అరచేతిలో పట్టేంత ఉన్నాడు. నాయన ఊళ్లో లేడు. అప్పటి అయ్యగారు నంద్యాల నుంచి నెలకొక ఆదివారమే వచ్చేవారు. మా సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తాం. ప్రాణం మీదికి వస్తే, అయ్యగారు లేకపోయినా, విశ్వాసి ఎవరైనా నీళ్లు పోసి పేరు పెట్టవచ్చు. అమ్మ మంచంలోంచి అదే అడిగింది.

"నర్సమ్మా, నీళ్లు పొయ్యి. పేరు పెట్టు."

బిడ్డ నోట్లోకి ఊపిరి ఊదుతున్న నర్సమ్మ తలెత్తి, "నీళ్లెందుకమ్మా? దేవుడు అట్లే తీసుకుంటాడు బిడ్డల్ని. ముందు ఊపిరి నిలబడనీ" అంది. ఆమె సంఘంలో పసివాళ్లకు బాప్తిస్మం లేదు. పెద్దయి, నమ్మి, నోటితో ఒప్పుకున్నాకే నీళ్లలోకి దిగాలి. అమ్మ అడుగుతున్నదాని బరువు ఆమెకు ఆ గడియలో అందలేదు. అమ్మ మళ్లీ అడిగింది. మూడోసారి అడిగేటప్పటికి అడగవలసిన పని లేకపోయింది.

మర్నాడు నాయన వచ్చి, బిడ్డకు సమాధుల తోటలో చోటు అడగడానికి సంఘపెద్ద ఇంటికి వెళ్లాడు. నర్సమ్మ కూడా వెళ్లి, తప్పు నాదే, బిడ్డకు శిక్ష వద్దని బతిమాలింది. ఆ పెద్దమనిషి చెడ్డవాడు కాదు, కండువాతో కళ్లు తుడుచుకుంటూనే, "తప్పు నీదైనా నాదైనా రూలు రూలే గదమ్మా. బాప్తిస్మం ల్యాకుండా లోపల ఎట్ల పెడతాం?" అన్నాడు. మా తమ్ముణ్ణి అమ్మ పాతచీర ముక్కలో చుట్టి, నాయన తోట గోడ అవతల జిల్లేళ్ల మధ్య పెట్టి వచ్చాడు. సంఘం పుస్తకంలో వాడి పేరు ఎక్కలేదు. అమ్మ మనసులో అనుకున్న పేరు ఎక్కడా లేకుండా పోయింది.

ఆ శనివారం నర్సమ్మ కట్టుగుడ్డలు ముట్టలేదు. తన బైబిలు తెచ్చి మా ఇంట్లో నేలమీద కూర్చుని, అమ్మను పేరు అడిగి, ముందు పేజీలో చివరి వరస కింద తెలుగు అక్షరాలతో రాసింది. "ఈడ రాస్తాండా, చూడు. మా నాయన పిల్లల కింద. ఇంక వీడు మా ఇంటోడు" అంది. ఆ రోజు నుంచి శనివారం జాబితాలో, గడ్డిమైదానం పేర్లన్నీ అయ్యాక, చివర మా వాడి పేరు చదివేవాళ్లం. అమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడేది. వాడి పేరు వినగానే వెళ్లిపోయేది.

ఇంకో నాలుగేళ్లకు నర్సమ్మ జబ్బుపడింది. చివరి రోజుల్లో, నేను పక్కనే ఉండగా అమ్మతో స్పష్టంగా చెప్పింది. "నేను పోయినాక ఆ పుస్తకం మా తమ్మునికి పంపించు. అడ్రసు దాంట్లోనే ఉంది." అమ్మ తల ఊపింది.

మా సంఘంలో విశ్వాసిని బైబిలు లేకుండా మట్టిలో పెట్టరు. ఎవరి పుస్తకం వాళ్ల చేతుల కింద ఉండాలి. నర్సమ్మ పోయిన మధ్యాహ్నం స్నానం చేయించి తెల్లచీర కట్టాక, "పుస్తకమేదీ?" అన్నారు పెద్దలు. ఆమె తెలుగు బైబిలును అంతకు వారం ముందే అవుకు వైపు నుంచి వచ్చిన ఒక రోగికి ఇచ్చేసింది. అమ్మ నావైపు తిరిగి, "ట్రంకులో ఉండాది, తీసకరా పాపా" అంది.

నేను దగ్గరకు వెళ్లి మెల్లగా, "అది పంపమన్యాది గదమ్మా" అన్నాను.

"తీసకరా అంటిని."

తెచ్చి ఇచ్చాను. ఈ అరవై ఏళ్లలో నేను ప్రార్థనలో ఎన్నో ఒప్పుకున్నాను గానీ, ఆ వసారా నుంచి ఆ పెట్టెదాకా నడిచిన పదడుగులు ఒప్పుకోవడానికి మాటలు దొరకలేదు. అమ్మ ముందు పేజీ తెరిచి, చివరి వరస మీద వేలు పెట్టి, కాసేపు అట్లాగే ఉంది. తర్వాత మూసి నర్సమ్మ చేతుల కింద పెట్టింది. జర్మను అక్షరాలు చూసి, "ఏ భాషదైతేనేం, దేవుని వాక్యమే గదా" అన్నాడు సంఘపెద్ద. ఇంటికి వచ్చేదారిలో అమ్మ ఒకే ఒక్కమాట అంది. "నా బిడ్డ గోడ లోపలికి పోయినాడు పాపా." కొన్నాళ్లకు నర్సమ్మ తమ్ముని దగ్గర నుంచి పుస్తకం కోసం ఉత్తరం వచ్చింది. ఘనంగా ఆమెతోపాటు సమాధి చేశామని నాయన జవాబు రాశాడు. నర్సమ్మ తమ్ముడు మళ్లీ రాయలేదు.

అయ్యగారికి ఇదంతా చెప్పాను. ఆయన నన్ను కారులో ఆళ్లగడ్డకు తీసుకెళ్లాడు. సమాధి బాగానే ఉంది. ఊళ్లో శిల్పుల చేత చెక్కించిన రాయి, అక్షరాలు ఇంకా చదవవస్తాయి. "పర్మిషన్ తీసుకోని తెరిస్తే ఏమన్నా…" అని అయ్యగారు సగంలో ఆగిపోయాడు. "అరవై వానాకాలాలు అయ్యగారూ. చెదలు ఎంత తిన్నాయో, రేగడి ఎంత తిన్నదో" అన్నాను. అప్పుడు చుట్టూ చూసుకుంటే గోడ కనిపించలేదు. చోటు చాలక, పాతికేళ్ల కిందట సంఘం అవతలి నేల కొని గోడ దూరంగా జరిపిందట. జిల్లేళ్లు ఉన్నచోట ఇప్పుడు ఎవరివో సున్నం కొట్టిన సమాధులు వరసగా ఉన్నాయి. మా తమ్ముడు వాటిలో ఎక్కడో ఒకదాని కింద, లోపలే ఉన్నాడు. ఆ గోడ జరగడానికి రెండేళ్ల ముందే అమ్మ పోయింది. అమ్మను తప్పు పట్టే శక్తి నాకు లేదు. నర్సమ్మ వాళ్ల బిడ్డల పేర్లు తన బిడ్డ పేరుతోపాటు పాతేస్తున్నానని ఆమెకు తెలియదని మాత్రం నేను చెప్పలేను. ప్రతి శనివారం తలుపు దగ్గర నిలబడి ఆమె కూడా విన్నది.

ఒక్క పేరైనా దేవుని దగ్గర చెరిగిపోదని ముప్పై ఏళ్లు ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పాను. అది నమ్మే చెప్పాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కానీ ఆ దూరదేశపు మనిషి అడిగింది పరలోకంలో ఉన్న పుస్తకం కాదు, రాయి మీద చెక్కడానికి మూడు పేర్లు. వారం రోజులు తెల్లవారి ప్రార్థన అయ్యాక కళ్లు మూసుకుని, కట్టుగుడ్డ చుట్టుతున్నట్టు చేతులు ఆడిస్తూ, ఆ పాట మొదటినుంచి చెప్పుకున్నాను. పెద్ద పిల్ల పేరు వచ్చింది. తర్వాతి పిల్లవాడి పేరు వచ్చింది. అక్కడ ఒక మెట్టు విరిగిపోయి, తిన్నగా మా తమ్ముడి పేరులోకి జారిపోతున్నాను. జరిగిందంతా రాసి, తప్పు ఒప్పుకుని, వచ్చిన రెండు పేర్లూ పలికినట్టే రాసి అయ్యగారికి ఇచ్చాను, ఆయన పంపాడు. ఆ పేర్లు నావి కావు గనుక ఇక్కడ రాయను.

జవాబు వచ్చింది. కోపం లేదు. రాయి వచ్చే నెల నిలబెడతారట, మూడో వరస ఖాళీగా వదిలి చెక్కిస్తారట, ఎప్పుడైనా గుర్తొస్తే చెప్పమన్నాడు. ఆ పేరు ఆళ్లగడ్డ వసారాలో కూర్చున్న పదమూడేళ్ల పిల్లకు బాగా తెలుసు. ఆమెకూ నాకూ మధ్య అరవై ఏళ్లు నడిచిపోయాయి, ఎంత పిలిచినా ఆ పిల్ల ఇటు తిరిగి చూడడం లేదు.